రెల్లు గడ్డిని చదివిన జానకి అమ్మాళ్

నొయ్యల్ గట్టు మీద, మన కోయంబత్తూరు చుట్టుపక్కల చెరువుల పక్కన, వానలు పడ్డాక తెల్లగా పూసే పొడుగాటి గడ్డిని మీరందరూ చూసే ఉంటారు. మా అవ్వ దాన్ని రెల్లు అంటుంది. వీధిలో తమిళం మాట్లాడేటప్పుడు అదే నాణల్ అవుతుంది. బస్సు కిటికీలోంచి చూసి బాగుందే అనుకుంటాం, అంతటితో మర్చిపోతాం. దాన్ని ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. అందుకే దానికి మనం పెట్టుకున్న పేరు పిచ్చి గడ్డి.

ఆ పిచ్చి గడ్డిని భూతద్దం కింద పెట్టి ఏళ్ల తరబడి చదివిన ఒక ఆడమనిషి మన ఊళ్లోనే ఉండేవారు. ఆమె పేరు జానకి అమ్మాళ్. మన వృక్షశాస్త్రం డిపార్ట్‌మెంటు వాళ్లకి ఆ పేరు బాగా తెలుసు. మన తెలుగు డిపార్ట్‌మెంటులో చాలామంది వినలేదని మొన్న క్లాసులో అడిగితే తెలిసింది. ఆమె తెలుగువారు కాదు, మలయాళీ. అయినా ఈసారి గోడ పత్రికలో ఆమె కథే రాద్దామనుకున్నాను. కారణం చివర చెబుతాను. మన డిపార్ట్‌మెంటు వెనక ఉన్న ఖాళీ స్థలానికీ ఆమెకీ ఒక సంబంధం ఉంది.

జానకి 1897 నవంబరు 4న మలబారు తీరంలోని తలశ్శేరిలో పుట్టారు. తండ్రి ఇ.కె. కృష్ణన్ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో సబ్ జడ్జి. కోర్టు పని అయ్యాక ఆయనకి తోటే లోకం. ఇంటి చుట్టూ రకరకాల మొక్కలు పెంచేవారు, ఆ మొక్కల మీదికొచ్చే పక్షుల గురించి రాసుకునేవారు. ఇంటినిండా పిల్లలు, ఇద్దరు భార్యలకి కలిపి పంతొమ్మిది మంది. ఆ గుంపులో పెరిగిన పిల్లకి మొదటి బడి నాన్న తోటే అయ్యింది.

అక్కచెల్లెళ్లకి ఒక్కొక్కరికీ పెళ్లిళ్లయ్యాయి. జానకికీ సంబంధం చూశారు. ఆమె చదువునే ఎంచుకున్నారు. ఆ కాలంలో మన దేశంలో ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి ఒకరో ఇద్దరో. అలాంటి రోజుల్లో ఆమె మద్రాసు వచ్చి క్వీన్ మేరీస్ కాలేజీలో చేరారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో 1921లో వృక్షశాస్త్రంలో ఆనర్స్ పట్టా తీసుకున్నారు. కొన్నాళ్లు మద్రాసు ఉమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. మనలాంటి ఆడపిల్లల కాలేజీలో, మనలాంటి బెంచీల ముందు నిలబడి చెప్పారన్నమాట.

అప్పట్లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం ఆసియా దేశాల ఆడపిల్లల కోసం బార్బర్ స్కాలర్‌షిప్ అని ఒకటి ఇచ్చేది. అది జానకికి వచ్చింది. ఓడెక్కి వెళ్లి పై చదువు చదివారు. తిరిగొచ్చి కొన్నాళ్లు పాఠాలు చెప్పి, మళ్లీ వెళ్లారు. 1931లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పుచ్చుకున్నారు. ఆమె నేర్చుకున్న విద్య కణవిజ్ఞానం. మొక్క వేరు కొసనో, మొగ్గనో తీసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెడితే కణంలో దారపు ముక్కల్లాంటివి కనిపిస్తాయి. అవే క్రోమోజోములు. వాటిని లెక్కపెడితే ఆ మొక్క ఏ మొక్కకి చుట్టమో, ఎక్కడ పుట్టి ఎక్కడికి వలస వెళ్లిందో చెప్పవచ్చు. మన పెద్దవాళ్లు ఇంటిపేరు అడిగి చుట్టరికం తేల్చినట్టే అనుకోండి.

తిరువనంతపురంలో రెండేళ్లు ప్రొఫెసరుగా పనిచేసి, 1934లో జానకి మన కోయంబత్తూరు వచ్చారు. ఇక్కడి చెరకు ప్రజనన కేంద్రంలో ఉద్యోగం. ఆ కేంద్రం 1912లో మొదలయ్యింది. అది ఎందుకు పెట్టారో తెలిస్తే రెల్లు గొప్పతనం అర్థమవుతుంది. లావుగా, తియ్యగా ఉండే చెరకు రకాలకి తెగుళ్లు ఎక్కువ, ఉత్తరాది చలికి అవి నిలవవు. ఉత్తరాదిన పండే సన్న చెరకులో రసం తక్కువ. దీనికి మందు ఇక్కడి శాస్త్రజ్ఞులకి మన ఊరి పొలిమేరలోనే దొరికింది. తియ్యటి చెరకుని కోయంబత్తూరు రెల్లుతో కలిపారు. అలా పుట్టిన కో 205 అనే రకం 1918లో పంజాబు రైతుల చేతికి వెళ్లింది. ఆ పేరులోని కో అంటే కోయంబత్తూరే. చెరకుకి తీపి దాని సొంతం, గట్టితనం మాత్రం పిచ్చి గడ్డి పెట్టిన భిక్ష.

జానకి వచ్చేనాటికి ఆ పని జరిగిపోయింది. అది ఎలా జరిగిందో, ఇంకా ఏం చేయవచ్చో చూడటం ఆమె వంతు అయ్యింది. రకరకాల చోట్ల నుంచి రెల్లు తెప్పించి క్రోమోజోములు లెక్కపెట్టారు. మనుషులందరికీ నలభై ఆరే. రెల్లు అలా కాదు. ఒక చోటి రెల్లులో నలభై ఉంటే, ఇంకోచోటి దాంట్లో వంద దాటి ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉండే గడ్డిలో లోపల ఇంత తేడా! ఈ గడ్డికి పుట్టిల్లు మన దేశమేనని ఆమె పని చూపించింది. చెరకుని మొక్కజొన్నతో, జొన్నతో, చివరికి దర్భతో కూడా కలిపి చూశారు. గడ్డిజాతులన్నీ ఎంత దగ్గరి చుట్టాలో ఆ కలయికలు చెప్పాయి.

ఆ ఐదేళ్లు ఆమెకి సుఖంగా గడవలేదు. మగవాళ్ల మధ్య ఒంటరి ఆడమనిషి, పెళ్లి కాని మనిషి, పైగా అప్పట్లో కింది కులంగా చూసిన తీయ కులం. ఈ కారణాల వల్ల తోటి ఉద్యోగుల దగ్గర ఆమెకి దక్కవలసిన మర్యాద దక్కలేదని ఆమె జీవితం రాసినవాళ్లు అంటారు. డాక్టరేటు తీసుకొచ్చినా, పేరు సంపాదించినా ఆ మాట తప్పలేదు. ఇది చదువుతుంటే నాకు కోపం వచ్చింది. మన ఊరు కదా అని ఇంకొంచెం ఎక్కువ వచ్చింది.

1939లో జన్యుశాస్త్ర సభల కోసం ఆమె స్కాట్లండులోని ఎడిన్‌బరో వెళ్లారు. సభలు జరుగుతుండగానే రెండో ప్రపంచ యుద్ధం కమ్ముకొచ్చింది. ఆమె ఇంగ్లండులోనే ఉండిపోయారు. లండను దగ్గర జాన్ ఇన్స్ ఉద్యాన పరిశోధన సంస్థలో పని దొరికింది. రాత్రిళ్లు బాంబులు పడుతుంటే మంచం కిందికి దూరి, పొద్దున లేచి బల్లల మీది గాజు పెంకులు తుడుచుకుని, మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చునేవారట. ఇక్కడి నుంచి వెళ్తూ ఒక ఉడుతని రహస్యంగా వెంట తీసుకెళ్లారని కూడా ఒక కథ చెబుతారు. అక్కడే సిరిల్ డార్లింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి, మనుషులు పెంచే మొక్కల క్రోమోజోముల లెక్కలన్నీ ఒకచోట చేర్చి పెద్ద పుస్తకం రాశారు. అది 1945లో అచ్చయ్యింది. మొక్కల మీద పనిచేసేవాళ్లు చాలాకాలం దాన్ని బల్ల మీద నుంచి దించలేదు.

తర్వాత విస్లీ అనే చోట ఉన్న రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటలో ఉద్యోగం. అక్కడ మాగ్నోలియా చెట్ల మీద పరిశోధన చేశారు. సంపంగి ఆ కుటుంబందే. ఆమె పెంచిన మొలకల్లో ఒక తెల్ల పూల రకానికి జానకి అమ్మాళ్ అనే పేరే పెట్టారు.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ పిలుపు మీద ఆమె 1951లో తిరిగొచ్చారు. భారత వృక్ష సర్వేక్షణ సంస్థని తిరిగి నిలబెట్టే బాధ్యత ఇచ్చారు. దేశంలో ఏ మూల ఏ మొక్క ఉందో ఏరి, ఎండబెట్టి, పేరు రాసి దాచే సంస్థ అది. అయితే ఆమె తిరిగొచ్చి చూసిన దేశం ఆకలితో ఉంది. బెంగాలు కరువు ఎవరూ మర్చిపోలేదు. తిండి ఎక్కువ పండించాలని అడవులు, బీళ్లు కొట్టి సాగులోకి తెస్తున్నారు. తిండి కావాలి, నిజమే. అయితే ఏం ఉందో లెక్క రాయకముందే కొట్టేస్తే ఏం పోయిందో ఎవరికి తెలుస్తుంది?

ఆ దిగులు ఆమెకి ఒక చెట్టు దగ్గర గట్టిగా తగిలింది. షిల్లాంగు నుంచి దాదాపు అరవై కిలోమీటర్ల దూరంలో ఒక అరుదైన మాగ్నోలియా చెట్టు ఉందని, ఆ ప్రాంతం మొత్తంలో అదొక్కటేనని తెలిసి వెతుక్కుంటూ వెళ్లారు. తీరా చూస్తే ఆ చెట్టుని కాల్చేసి ఉన్నారు. ఈ సంగతి డార్లింగ్టన్‌కి ఉత్తరంలో రాసుకున్నారు. ఆమె జీవితం చదివేటప్పుడు నేను ఈ చోట కాసేపు ఆగాను. అంత దూరం వెళ్లి, బూడిద ముందు నిలబడిన ఆవిడ ఏమనుకుని ఉంటారు?

1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఒక పెద్ద సభ జరిగింది. మనిషి భూమి ముఖాన్ని ఎలా మార్చేశాడన్నది విషయం. ప్రపంచమంతటి నుంచి పండితులు వచ్చారు. పిలుపు అందుకుని అక్కడ మాట్లాడిన ఆడమనిషి జానకి ఒక్కరే. అంగడి కోసం కాక ఇంటి తిండి కోసం పండించుకునే మన పల్లెల, కొండజాతుల పద్ధతుల గురించి చెప్పారు. ఏ ఆకు కూరకి, ఏ వేరు మందుకి, ఏ గడ్డి కప్పుకి అన్న జ్ఞానం అక్కడి జనం దగ్గర, ముఖ్యంగా ఆడవాళ్ల దగ్గర ఉందని ఆమె నమ్మకం. తర్వాతి కాలంలో ఆ మాటలు సేకరించడం కూడా ఆమె పనిలో భాగమయ్యింది. మైక్రోస్కోపు పట్టుకున్న మనిషే అవ్వల మాట కూడా వినాలన్నారు. ఆ రెండిటికీ ఆమె దగ్గర తగువు లేదు.

అలహాబాదులో, జమ్మూలో, బొంబాయి దగ్గర ట్రాంబేలో పనిచేసి, 1970లో మద్రాసు చేరారు. మద్రాసు విశ్వవిద్యాలయం వారి క్షేత్ర ప్రయోగశాల మదురవాయల్‌లో ఉంది. మన మదురై కాదు, అప్పట్లో మద్రాసు పక్కనున్న ఊరు. అక్కడే మందు మొక్కల తోట వేసి, పిల్లుల్ని పెంచుకుంటూ, గాంధీగారి పద్ధతిలో అతి తక్కువ వస్తువులతో బతికారు. 1977లో పద్మశ్రీ వచ్చింది.

అప్పటికి ఆమెకి ఎనభై ఏళ్లు. ఆ వయసులో ఇంకో పని మీదేసుకున్నారు. మన పడమటి కొండలకి ఆవలివైపు, పాలక్కాడు జిల్లాలో సైలెంట్ వ్యాలీ అడవి ఉంది. అక్కడి కుంతిపుళ నది మీద కరెంటు కోసం ఆనకట్ట కట్టాలనుకున్నారు. కడితే ఎనిమిది చదరపు కిలోమీటర్లకి పైగా అడవి మునుగుతుంది. కవులు, బడి పంతుళ్లు, శాస్త్రజ్ఞులు అందరూ వద్దన్నారు. జానకి తన పద్ధతిలో వద్దన్నారు. ఆ లోయలోని మొక్కల క్రోమోజోముల లెక్క రాయడానికి పూనుకున్నారు. మునిగేది ఏమిటో ముందు పేరు పేరునా తెలుసుకుందాం అన్నది ఆమె పట్టు. షిల్లాంగు దగ్గర ఆలస్యమైన పని ఇక్కడ ఆలస్యం కాకూడదనుకున్నారేమో.

ఆనకట్ట ఆలోచన మానుకున్నారు. 1984 నవంబరులో ఆ లోయని, దాదాపు తొంభై చదరపు కిలోమీటర్ల మేర, జాతీయ పార్కుగా ప్రకటించారు. జానకి అది చూడలేదు. అదే ఏడు ఫిబ్రవరి 7న, మదురవాయల్ ప్రయోగశాలలో పని చేసుకుంటూనే, ఎనభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు.

ఇదీ ఆమె కథ. ఇక మన స్థలం సంగతికి వస్తాను.

డిపార్ట్‌మెంటు వెనక గోడ పక్కన ఉన్న ఖాళీ జాగాని శుభ్రం చేసి, పచ్చిక పరిచి, కుండీలు పెడదామన్న మాట ఈ నెల వచ్చింది. మంచి ఉద్దేశమే. నేను కూడా చెయ్యెత్తాను. తర్వాత ఒక ఆదివారం మా అవ్వ కాలేజీకి వచ్చినప్పుడు ఆ జాగా చూపించాను. పిచ్చి మొక్కలు తప్ప ఏమీ లేవని నేను అనుకున్న చోట అవ్వ ఒక్కో మొక్క దగ్గరా ఆగి పేరు చెప్పింది. తెల్ల పూల తుమ్మి. గోడ వారన జిల్లేడు. నేల మీద పాకే గాడిదగడపాకు. పసుపు పూల గిలిగిచ్చ, దాని ఎండుకాయ ఊపితే గిలకలా మోగుతుంది. పావుగంటలో పన్నెండు పేర్లు చెప్పింది. నాకు అంతకుముందు రెండే తెలుసు. తమిళం పేరు తెలుసో లేదో గానీ తెలుగు పేరు మాత్రం అవ్వకి తడుముకోకుండా వచ్చింది. మనవాళ్లు ఈ నేలకి వచ్చి ఎన్నో తరాలయ్యింది. నాయకరాజుల కాలం నుంచి మదురై చుట్టూ, ఇక్కడ నల్లరేగడి చేల మధ్య స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగుతో పాటు ఈ పేర్లని కూడా మోసుకొచ్చి, ఇక్కడి మొక్కల మీద పెట్టుకున్నాం. మొక్క పోతే పేరు పోతుంది. పేరు పోతే మొక్క పోయిందని కూడా తెలియదు.

ఆ మొక్కల మీద సీతాకోకచిలుకలు ఉన్నాయి. ఇది కూడా నేను అప్పుడే సరిగ్గా చూశాను. సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా వాలి తేనె తాగుతుంది గానీ, గుడ్లు మాత్రం తన పిల్ల తినగలిగే ఆకు మీదే పెడుతుంది. నారింజ రంగు రెక్కలకి నల్ల అంచులున్న ప్లెయిన్ టైగర్‌కి జిల్లేడు కావాలి. నల్ల రెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్న క్రిమ్సన్ రోజ్‌కి గాడిదగడపాకు కావాలి. అందులోని విషం తిని పురుగు పెరుగుతుంది, అందుకే పిట్టలు దాన్ని ముట్టవు. నైరుతి వానల ముందు పడమటి కొండల నుంచి తూర్పుకి, మళ్లీ ఐప్పసి వానల కాలంలో కొండల వైపుకి గుంపులు గుంపులుగా ఎగిరే నీలం చారల టైగర్లకి గిలిగిచ్చ అంటే ప్రాణం. మగవి దాని వాడిన కొమ్మలు గీకి రసం పీలుస్తాయి. ఆడదాన్ని పిలిచే వాసన వాటికి అందులోంచే వస్తుంది. మనం పరచబోయే పచ్చిక మీద ఇవేవీ గుడ్డు పెట్టవు. కుండీలో బంతి పూస్తే తేనె తాగి వెళ్లిపోతాయి, అంతే.

ఆ జాగాని అలాగే గాలికి వదిలేయమని నేను అనడం లేదు. వదిలేస్తే వయ్యారిభామ, సీమ తుమ్మ మొత్తం ఆక్రమిస్తాయి, మిగతావాటికి చోటు ఉండదు. ధారాపురం, కాంగేయం వైపు కొరంగాడు అనే మేత బీళ్లు చూడండి. చుట్టూ కిళువై ముళ్ల కంచె, లోపల వానకి మొలిచే గడ్డి, అక్కడక్కడా తెల్లతుమ్మ. దున్నరు, కానీ చూసుకుంటారు. పశువుల్ని ఎప్పుడు తోలాలో, ఎప్పుడు బీడుకి విశ్రాంతి ఇవ్వాలో ఆ రైతులకి లెక్క ఉంది. మనం కూడా అలాంటి లెక్కతో చేయవచ్చు. వయ్యారిభామని పూతకి రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని, వేళ్లతో సహా పీకాలి. కలుపు మందు కొట్టకూడదు. మిగతావాటిని పూసి, కాసి, గింజ రాలేదాకా ఉంచి ఆ తర్వాతే కోయాలి. అదీ ఒకేసారి కాదు, సగం ఒకసారి, సగం మరోసారి. అప్పుడు పురుగులకి, గుడ్లకి ఎప్పుడూ సగం చోటు మిగులుతుంది. లేని మొక్కలుంటే మన ఊరి గట్ల మీది గింజలే తెచ్చి వానకి ముందు చల్లాలి. ఖర్చు దాదాపు లేదు. కుండీలు ముందు వైపు పెట్టుకుందాం, ఎవరూ కాదనరు.

జానకి అమ్మాళ్ చేసిన పనిలో మనకి చేతనయ్యేది ఒకటుంది, అది కొట్టేముందు పేరు రాసుకోవడం. మన మేడమ్స్ ఒప్పుకుంటే, ఆ జాగాలో ఏది పీకినా ముందు అక్కడ ఉన్న ప్రతి మొక్కకీ తెలుగు పేరు, తమిళం పేరు రాసి ఇదే గోడ మీద అంటిద్దాం. నా దగ్గర పన్నెండు ఉన్నాయి. మీ ఇళ్లలోనూ అవ్వలు ఉన్నారు కదా. ఈ వారం ఊరికి వెళ్లినప్పుడు వాళ్లని చేను గట్టు దాకా తీసుకెళ్లి, మీ పేర్లు మీరు పట్టుకురండి. వృక్షశాస్త్రం వాళ్లని పిలిచి సరిచూద్దాం.

నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లి చూశాను. గాడిదగడపాకు మీద ఎర్రటి ముళ్లలాంటి బుడిపెలున్న పురుగులు నాలుగు ఉన్నాయి. ఇంకో రెండు మూడు వారాల్లో అవి రెక్కలతో ఎగరాలి. శుభ్రం చేసే రోజు అంతదాకా వాయిదా వేయమని అడుగుతున్నాను.